కొండదారుల కూడళ్లు



నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయము చూచుటకు చాల చిన్నది. రెండు దారులు కలియు చోటు, అంతే. రాజుల చరిత్రయు, యుద్ధముల చరిత్రయు మీరు విని యున్నారు. దారుల చరిత్ర కూడ కొంత వినియుందురు. దారులు కలియు కూడలికి ఒక చరిత్ర కలదని మాత్రము ఎవ్వరును తలపరు. నేనును తలపలేదు. శృంగవరపుకోట దాటి, అనంతగిరి ఘాటు నెక్కి, అరకు లోయ ప్రాంతమున ఒక చిన్న గ్రామమున ఇరువది యేండ్లకు పైగా బడిపంతులుగా నుంటిని. అక్కడ జరిగిన ఒక సంగతి నన్ను ఈ ఆలోచనలోనికి దింపినది.

మైదానములో దారులు కలియుచోట రావిచెట్టో రచ్చబండయో ఉండును. మన్యములో దారులు కలియుచోట సంత ఉండును. ఇందు వింత లేదు. కొండవాలున ఒక గూడెము, గెడ్డ కావల ఇంకొక గూడెము, శిఖరము మీద మరియొకటి. ఒకరి ఇంటి పొగ మరియొకరికి కనబడును. నడచి పోవలెనన్న సగము దినము పట్టును. అందుచేత అందరికిని ఇంచుమించు సమదూరమై, నేల కాస్త చదునుగా ఉండి, నీరు దొరకు తావు నొకదానిని చూచుకొని వారమున కొకనాడు అక్కడ కూడుకొనుచు వచ్చిరి. కాలిబాటలన్నియు అక్కడ కలిసినవి. చింతపండు, పసుపు, పిప్పలి, అడ్డాకులు, కొండచీపుళ్లు అటనుండి క్రిందికి దిగెడివి. ఉప్పు, బట్ట, ఎండుచేపలు పైకి నెక్కెడివి. పెండ్లి మాటలు, తగవుల తీర్పులు, చావు కబురులు, అన్నియు సంతలోనే.

తరువాత ఎన్నియో యేండ్లకు మోటారు రోడ్డు వేయవచ్చినవారు గొలుసులు పట్టి కొలిచి చూడగా, చదునైన నేల అదియే అయ్యెను. రోడ్డు సంత నడుమనుండి పోయెను. ఈనాడు క్రిందినుండి వచ్చు కారులవారు "ఈ జనము రోడ్డు మీద సంత పెట్టినారేమి!" అని విసుగుకొందురు. సంత మీద రోడ్డు పెట్టినవారెవ్వరని అడుగువారు లేరు.

ఇక నేను చెప్పదలచిన సంగతి. మా గ్రామపు బాట ఇట్టి రోడ్డునుండియే చీలును. బాట నోటికి ఒక ప్రక్క ఎత్తైన గట్టు, గట్టు నిండ పొదలు. రోడ్డు పైనుండి దిగి వచ్చి సరిగా ఆ చోటనే మలుపు తిరుగును. ఒక సంతనాడు, వాన వెలిసిన సాయంకాలమున, నడివయస్సు ఆడుమనిషి యొకతె తలమీద గంపతో బాటనుండి రోడ్డు మీద అడుగు పెట్టినది. పైనుండి వచ్చిన మోటారు సైకిలు ఆమెను పడద్రోసినది. ఆమెకు కాలు విరిగెను. నడుపుచున్న కుర్రవాడు మా పొరుగు గూడెమువాడే. వానికి భుజము విరిగెను. ఇద్దరిని ఒకే జీపులో పరుండబెట్టుకొని ఆసుపత్రికి పోవుచుండగా, ఆదుర్దా వలన కాబోలు, నేను ఆమెనే కసరితిని. "అటూ ఇటూ చూసుకోవద్దటమ్మా?" అంటిని.

"చూడటమేటి మాస్టారూ! మలుపు కాడ ఏటి కనపడతాది? విన్నాను. చప్పుడు లేదు" అనెను.

కుర్రవాడు తల వంచుకొని నిజము చెప్పెను. దిగుడులో ఇంజను ఆపివేసి వచ్చుచుండెనట. కాస్త పెట్రోలు కలిసి వచ్చునని మా వైపు పలువురు చేయు పనియే యది.

ఆమె మరల సంతకు వచ్చుటకు ఏడు నెలలు పట్టెను. వచ్చినను గంప మోయలేదు. ఆ యేడు పసుపు అమ్ముకొనుట ఆమె కూతురి పని అయ్యెను. కూతురు ఏడవ తరగతి. నా హాజరు పట్టీలో ఆ పిల్ల పేరు ఎదుట నెలల తరబడి సున్నలు పెట్టితిని. కనుక ఆమె చెప్పిన మాట నన్ను విడువలేదు. ఆమె అజాగ్రత్తగా నడువలేదు. తన తల్లియు, అవ్వయు నేర్పిన విధముననే నడచినది: కొండదారిలో కన్ను కనబడనిది చెవికి వినబడును.

ఈ చెవిమీది నమ్మకము ఎంత పాతదో వెదకుచు పోతిని. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున బండివలన కలిగిన హానిని గూర్చిన విచారణ కలదు. పది సందర్భములలో బండి తోలువానికి దండన లేదని చెప్పిరి. ముకుత్రాడు తెగుట, కాడి విరుగుట, ఇరుసు విరుగుట, చక్రము విరుగుట, ఇట్లు లెక్కించుచు వచ్చి, "తొలగుడు" అని బిగ్గరగా కేక వేసియుండుటను కూడ ఆ పదింటిలో చేర్చిరి. కేక వేసినవానికి దోషము లేదు. వినవలసిన బాధ్యత నడచువానిది. ఎద్దుబండి నడకకు అది సరిపోయిన న్యాయమే: కేక విని, తల త్రిప్పి, ప్రక్కకు ఒదుగుటకు కావలసినంత వ్యవధి ఉండెడిది. ఆ అధ్యాయముననే మరియొక మాట కలదు. తోలువాడు నేర్పు లేనివాడైనచో, బండిలో కూర్చున్నవారు కూడ తలకు నూరేసి పణములు దండుగ కట్టవలెనట. సంతనాడు జీపుల పైకప్పుమీద వ్రేలాడుచు పోవు మనవారిమీద ఆ శాసనము అమలైనచో ఆ నాటి అమ్మకపు సొమ్ము ఒక్కరికిని మిగులదు!

రెండవ అధ్యాయమున దారి ఎవ్వరికి విడువవలెనో చెప్పిరి. బండిలోనున్నవాడు, తొంబది దాటిన వృద్ధుడు, రోగి, బరువు మోయువాడు, స్త్రీ, స్నాతకుడు, రాజు, పెండ్లికుమారుడు. బండి మొదట ఎందుకు వచ్చినదనగా, అది చటుక్కున ప్రక్కకు తొలగలేదు కనుకనని నా ఊహ. మన దేశమున 1989 నుండి రోడ్డు నియమములలో ఉన్న కొండదారి సూత్రము కూడ ఈ తీరుదే. ఇరుకైన కొండరోడ్డున ఎక్కుచున్న బండికి దిగుచున్న బండి దారి విడువవలెను. ఎక్కుడులో ఆగినదానిని మరల కదలించుట ఎంత కష్టమో కావడి మోసినవారికి చెప్పనక్కరలేదు.

కావడి అంటిని, మా కొండలలో చాలకాలము చక్రమే లేదు. సరకంతయు మనుష్యుల భుజముమీదనో, ఎద్దుల వీపుమీదనో సాగినది. మన పెద్దలు బ్రింజారీలని పిలిచిన లంబాడీ వర్తకులు సముద్రతీరమునుండి ఉప్పు వేసికొని జయపురమునకు, బస్తరునకు పోయి, ధాన్యముతో దిగి వచ్చెడివారు. ఎద్దుల మెడలలో గంటలు కట్టెడివారు. మలుపు కావలినుండి గంటల మ్రోత వినబడగానే ఎదురువచ్చువాడు కావడి దింపి కొండవైపునకు ఒదిగి నిలిచెడివాడు. గంట వినబడిన తరువాత ఎద్దు కనబడువరకు ఒక చుట్ట ముట్టించుకొను వ్యవధి ఉండెడిది. కూడలికి అదియే సిగ్నలు, అదియే పోలీసు.

ఇటువంటి నేలమీదికి రోడ్డు ఎట్లు వచ్చినది? 1839 లో చేసిన చట్టముతో విశాఖపట్టణపు కొండప్రాంతములు సామాన్య న్యాయస్థానముల పరిధినుండి తొలగి, కలెక్టరు ఏజెంటుగా పాలించు ఏజెన్సీ అయినవి. అప్పటినుండి రోడ్డు పాలకుల అవసరముగా పెరిగెను. పటాలము ఎక్కుటకు, కలప దిగుటకు. అల్లూరి సీతారామరాజు కథ మీలో ఎరుగనివారుండరు. ఆ కథకు మొదట రోడ్డు కూలి కలదన్న సంగతి మాత్రము కొందరు మరతురు. నర్సీపట్టణమునుండి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించుచు, గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియన్ కొండవారిచేత చాలీచాలని కూలికి బలవంతముగా పని చేయించెను. పోడు వ్యవసాయమును అడవి చట్టములు అదివరకే బిగించియుండెను. 1922 ఆగస్టు 22 న చింతపల్లి, 23 న కృష్ణదేవిపేట, 24 న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలమీద వరుసగా దాడులు జరిగినవి.

ఆ తిరుగుబాటులో మన విషయమునకు దగ్గరైనది దామనపల్లి ఘాటు. 1922 సెప్టెంబరు 24 న పోలీసు బలగము ఆ కనుమ నెక్కుచుండగా, రాజు మనుష్యులు ముందు నడచిన దళమును పోనిచ్చి, వెనుక వచ్చినవారిమీద విరుచుకుపడిరి. స్కాట్ కవర్డ్, హైటర్ అను ఇద్దరు దొరలు అక్కడ కూలిరి. మలుపు తిరుగువరకు ఎదుట ఏమున్నదో ఎక్కువానికి కనబడదు; గట్టుమీద నున్నవానికి క్రింది దంతయు కనబడును. కొండ మలుపు స్వభావము ఆనాడు ఎట్టిదో నేడును అట్టిదే. నాడు తుపాకి దాగిన చోట నేడు లారీ దాగియున్నది. 1924 మే 7 న రాజు కొయ్యూరు వద్ద చంపబడెను. రోడ్లు నిలిచినవి. వానిని త్రవ్వినవారిని మాత్రము "మీ బాట దీనిలో ఎక్కడ కలియవలెను?" అని అడిగిన జాడ నాకు కనబడలేదు.

1936 లో ఒరిస్సా వేరు రాష్ట్రము కాగా జయపురము అటు పోయెను, అరకు ఇటు మిగిలెను. సంతకు వచ్చువారు ఆ గీతను పట్టించుకొనలేదు. 1960 దశకములో కొత్తవలసనుండి కిరండూలు వరకు రైలుదారి వేసిరి. బైలదిల్లా ఇనుప రాయి విశాఖ రేవునకు, అటనుండి జపాను దేశమునకు పోవుటకు ఏర్పడిన దారి యది. దానిలో 58 సొరంగములు కలవు. పర్యాటకులు అద్దాల పెట్టెలలో కూర్చుండి వానిని లెక్కించుకొని సంతోషింతురు. నాకు ఆ రైలుదారిలో ఆశ్చర్యము కలిగించినది వేరొకటి. ఒక రైలు ఒక ఖండములో నుండగా ఇంకొక రైలును ఆ ఖండములోనికి రానీయరు. రోడ్డు అడ్డము వచ్చుచోట గేటు వేయుదురు. రైలు కూత వేయును గాని, కూతను మాత్రమే నమ్ముకొనరు. అంత వేగమునకు చెవి చాలదని రైల్వేవారు గ్రహించిరి. ఆ ప్రక్కనే, అదే కొండమీద, అంతకంతకు వేగము పెరుగుచున్న రోడ్డునకు మాత్రము మనము ఎద్దుల గంటనాటి పద్ధతినే మిగిల్చితిమి. గంటకు బదులు హారను. "హారను మ్రోగించుము" అని పలక పాతి ఊరకుంటిమి.

ఈ పొరపాటు మనది మాత్రమే కాదు. ఇంగ్లండులో 1865 నాటి చట్టము ప్రకారము రోడ్డుమీద పోవు యంత్రపు బండికి 60 గజములు ముందు ఒక మనిషి ఎఱ్ఱజెండా పట్టుకొని నడువవలెను. మనిషి ముందు నడచు నియమము ఏదో యొక రూపమున 1896 వరకు నిలిచినది. ఆ యేటనే ఆగస్టు 17 న లండను క్రిస్టల్ ప్యాలెస్ ఆవరణములో బ్రిడ్జెట్ డ్రిస్కోల్ అను స్త్రీ మోటారు కారు తగిలి మరణించెను. ఆ దేశమున మోటారు కారువలన చనిపోయిన తొలి పాదచారి ఆమెయే. వీధి కూడలికి సిగ్నలు తెచ్చినవాడును రైల్వేవాడే కావుట గమనింపదగినది. 1868 డిసెంబరులో లండను పార్లమెంటు భవనముల సమీపమున జాన్ పీక్ నైట్ నిలిపిన స్తంభమునకు పగలు రైలు సిగ్నలువలె రెక్కలు, రాత్రి గ్యాసు దీపములు. నెల దాటకముందే గ్యాసు ప్రేలి, దానిని నడుపుచున్న పోలీసు గాయపడెను. ఐనను ఆలోచన సరియైనదే. వేగము పెరిగినచోట చెవి పని కంటికి అప్పగింపవలెను.

మన దేశమున 1914 లోను, 1939 లోను, 1988 లోను మోటారు చట్టములు వచ్చినవి. 2022 సంవత్సరమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని ప్రభుత్వపు లెక్క. వారిలో 32,825 మంది కాలినడకన పోవువారు. ఘాటులో బస్సు లోయలో పడినప్పుడు మనమందరము వార్త వినుచున్నాము. 2021 ఫిబ్రవరిలో అనంతగిరి ఘాటున పర్యాటకుల బస్సు పడి నలుగురు చనిపోయిరి. 2023 ఆగస్టులో పాడేరు ఘాటున ఆర్టీసీ బస్సు పడెను. బాట నోట ఒక్కొక్కరుగా పడువారు వార్తకు ఎక్కరు. కాలు విరిగి, బిడ్డ చదువు ఆగిపోయినది ఏ లెక్కకును రాదు.

మా కూడలి మాటకు వత్తును. ఆ దుర్ఘటన తరువాత గ్రామ పెద్దలు నా వద్దకు వచ్చి, పెద్దరోడ్డుకు అడ్డముగా స్పీడ్ బ్రేకరు వేయించుమని అర్జీ వ్రాయుమనిరి. వ్రాసితిని. బదులు రాకముందే కుర్రవాండ్రు ఓపిక పట్టలేక, ఒక రాత్రి రాళ్లు, మట్టి పోసి జానెడు వెడల్పున, మోకాలి చిప్పలో సగమెత్తున ఒక గట్టు కట్టిరి. నేనును వారింపలేదు, ఆ తప్పు నాది. మరునాటి రాత్రి చీకటిలో సైకిలుమీద వచ్చు మా ఊరివాడే దానిమీద ఎగిరి పడెను. దంతములు రెండు పోయినవి. తెల్లవారుటతోనే గట్టు త్రవ్వివేసితిమి.

తరువాత వచ్చిన ఇంజనీరుగారు నెమ్మదస్థులు. కూర్చుండి వివరముగా చెప్పిరి. స్పీడ్ బ్రేకరనగా గోడ కాదు. 1973 ప్రాంతమున ఇంగ్లండులోని రోడ్డు పరిశోధనశాలలో వాట్స్ అను నతడు ఎన్నియో ఆకారములు పరీక్షించి, పండ్రెండడుగుల వెడల్పు, నాలుగంగుళముల ఎత్తుగల తాబేటి వీపువంటి ఆకారమును తేల్చెను. మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారు చెప్పిన కొలతయు అదియే: వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల వేగమున దాటువానికి బాధ లేదు. వేగముగా వచ్చువానికి నడుము కదలును. ముందుగా హెచ్చరించు పలకయు, తెల్లచారలును లేనిచో అదియే యముడగును.

అంతవరకు మావారు తల ఊపిరి. పిమ్మట ఆయన, చిన్నబాట పెద్దరోడ్డులో కలియుచోట ఈ తాబేటి వీపును చిన్నబాట మీదనే వేయవలెనని నిబంధన అనగా పెద్దలకు కోపము వచ్చెను.

"వేగముగా వచ్చువాడు వాడు, గతుకు మాకా బాబూ?" అని మా ఊరి పెద్దాయన అడిగెను.

ఇంజనీరుగారు బదులు చెప్పలేకపోయిరి. నాకును ఆ ప్రశ్న న్యాయమైనదిగానే తోచినది. ఇప్పటికిని అట్లే తోచుచున్నది. ఐనను మా బాటనుండి ఆటోలు, మోటారు సైకిళ్లు దూకినట్లు రోడ్డెక్కుట కూడ నిజమే. వేయించుకొంటిమి. పెద్దరోడ్డు మీద గరగరమని ధ్వనించు సన్నని అడ్డపట్టీలు కొన్ని వేసిరి. ఆ ధ్వని వినబడినపుడెల్ల నాకు ఎద్దుల గంటలు జ్ఞాపకము వచ్చును. ఐరోపా దేశములలో 2019 జూలైనుండి, చప్పుడు లేని విద్యుత్ కారుల కొత్త నమూనాలకు, మెల్లగా పోవునపుడు ధ్వని చేయు పరికరము ఉండితీరవలెనని నియమము చేసిరి. మెడలో గంట మరల కట్టుచున్నారన్నమాట.

నాకు పాఠము నేర్పినది వేరొక పని. ఎనిమిదవ తరగతి పిల్లలను తీసికొనిపోయి, బాట నోట నిలిచి, పైనుండి వచ్చు బండి ఎంత దూరమున కంటబడునో త్రాడుతో కొలిపించితిని. ఏడు బారలు, ఇంచుమించు 13 మీటర్లు. తరువాత నల్లబల్లమీద లెక్క చేసితిమి. గంటకు 40 కిలోమీటర్ల వేగమున వచ్చు బండి ఒక్క సెకనులో 11 మీటర్లు పోవును. నడుపువాడు మనిషిని చూచి, బ్రేకుమీద కాలు వేయుటకే ఒక సెకను పట్టును. అప్పటికే 11 మీటర్లు అయిపోయినవి. బ్రేకు పట్టి నిలుచుటకు, ఎండిన చదునైన రోడ్డున, ఇంకొక 9 మీటర్లు. మొత్తము 20. వాన తడి, దిగుడు ఉన్నచో ఇంకను ఎక్కువ. 60 వేగమునకు ఇదే లెక్క 36 వరకు పోవును. వేగము ఒకటిన్నర రెట్లు కాగా బ్రేకు పట్టిన తరువాతి దూరము రెండు రెట్లకు మించును. ఒక పిల్లవాడు లేచి, "మాస్టారూ, అయితే ఆ మలుపులో ఎంత మంచి డ్రైవరైనా గుద్దుతాడు కదండీ" అనెను. లెక్కలో తప్పు లేదు. దిగుడులో ఇంజను ఆపినవాని సంగతి చెప్పనేల? ఏ గేరుతో ఎక్కితిమో ఆ గేరుతోనే దిగవలెనని ఘాటు డ్రైవర్లు చెప్పుకొను మాట ఊరక పుట్టలేదు. ఇంజను బండిని వెనుకకు పట్టి యుంచును. అది లేక బ్రేకులనే నొక్కుచుపోయినచో అవి వేడెక్కి పట్టు వదలును.

మరుసటి ఆదివారము చాటింపు వేయించి, ఇంటికొక మనిషి కత్తి, గునపము పట్టుకొని రాగా గట్టుమీది పొదలు నరికితిమి. అడ్డముగా పొడుచుకొని వచ్చిన మట్టి మూలను అనుమతి తీసికొని చెక్కించితిమి. త్రాడు మరల వేయగా ఇరువదియైదు బారలు వచ్చెను. పైకము ఖర్చు కాలేదు. పొదలు మాత్రము ప్రతి వానాకాలము మరల వచ్చును. ఏటికి రెండుమారులు నరుకవలెను. రెండవ యేడు ఎవ్వరును రాలేదు. నేనును, పిల్లలును నరికితిమి.

కష్టమైనది సంత వరుస. అమ్ముకొనువారు బాట నోటికి ఇరువైపుల కూర్చుండెడివారు. అటనే బేరము తగులును గదా! వారి గంపలు, గొడుగులు కంటికి అడ్డము. కొనువారు రోడ్డుమీద నిలిచి బేరమాడుదురు. ముప్పది అడుగులు లోపలికి జరుగుడని వేడుకొంటిమి. ఆశీలు వసూలు చేయువాడు నవ్వెను. రెండు వారములు జరిగి, బేరములు లేక మూడవ వారము యథాస్థానమునకు వచ్చిరి. తగవులాడి ప్రయోజనము లేదని తోచి, జీపులవారితో మాటలాడితిమి. అంతవరకు జీపులు మలుపునకు ముందే, బాట నోటనే ఆగెడివి. ఆగిన జీపు చాటునుండి దిగినవారు రోడ్డు దాటెడివారు. వెనుక వచ్చు బండికి వారు కనబడరు. కూడలి దాటిన తరువాత అరువది అడుగుల దూరమున చదును చూపి, అక్కడ ఆపుడంటిమి. జీపు ఎక్కడ ఆగిన జనము అక్కడ దిగుదురు. జనమున్నచోటికి టీ కొట్టు వచ్చెను. టీ కొట్టు వెంట గంపలు తమంతట తామే జరిగినవి. మూడు నెలలు పట్టెను. ఇది ముందుగా తోచియుండిన అంత వాదులాట లేకపోవునుగదా అని నవ్వుకొంటిమి.

ఇండ్ల కాలనీకి కొత్త వీధి వేయునపుడు ఇంకొక సంగతి నేర్చుకొంటిమి. మావారు ఆ వీధిని మా బాటకు సరిగా ఎదుట తెరువవలెనని, నాలుగు రోడ్ల జంక్షను అయినచో ఊరికి అందమని ముచ్చటపడిరి. మూడు దారులు కలిసినచోట బండ్లు ఒండొంటిని తాకుటకు వీలైన బిందువులు 9. నాలుగు దారులు కలిసినచోట 32. పుస్తకములోని బొమ్మ వేసి చూపితిని. రెండు మూడుదారుల కూడళ్లను ఎడమెడముగా పెట్టినను 18 మాత్రమే. కొత్త వీధిని దూరముగా తెరిచిరి. ఊరి అందము తగ్గినదని అలిగినవారు నేటికిని ఇద్దరున్నారు.

2022 ఏప్రిల్ 4 న పాడేరు ముఖ్యపట్టణముగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినది. రాజమహేంద్రవరమునుండి రంపచోడవరము, కొయ్యూరు, చింతపల్లి, లంబసింగి, పాడేరు, అరకుల మీదుగా విజయనగరము వరకు జాతీయ రహదారి వచ్చినది. కొయ్యూరు, చింతపల్లి, లంబసింగి, ఈ పేర్లు మీరు ఇందాకనే వింటిరి. రోగిని డోలీ కట్టి మోసిన దినములు చూచినవాడను. వెడల్పు రోడ్డు వద్దనువాడను కాను. వెడల్పైన రోడ్డున చూపు దూరము సాగును. వేగమును సాగును. చూపు ఎంత పెరిగినదో వేగము అంతకు మించి పెరిగినచో త్రాడు లెక్క మరల మొదటికి వచ్చును.

మా రోడ్డు వెడల్పునకును కొలతలు జరిగినవి. పనివారు మలుపున రాళ్లు పాతి, సంఖ్యలు వేసి పోయిరి. మా బాట క్రొత్త రోడ్డులో ఎక్కడ, ఏ ఎత్తున కలియునో ఆ రాళ్లవలన తెలియలేదు. కొత్త రోడ్డు ఎత్తు పెరిగి, బాట నిట్టనిలువుగా ఎక్కవలసివచ్చినచో, బండి ఆగి చూచుటకు చదును ఉండదు. కూడలికి ముందు బాటను కొంత దూరము చదునుగా ఉంచుడని, గట్టును మరికొంత వెనుకకు కోయుడని, సంత నాటికి జీపులు ఆగు తావు విడువుడని మూడు కోరికలతో అర్జీ సిద్ధపరచితిమి. కొలతలన్నియు బడిపిల్లలు త్రాడు పట్టి తీసినవే. సంతనాడు టీ కొట్టు బల్లమీద దానిని పరచితిమి. ఆ కాలు విరిగిన యామె కుంటుచు వచ్చి వేలిముద్ర వేసినది. ప్రక్కనే పసుపు గంప దింపి ఆమె కూతురు సంతకము చేసినది. అక్షరములు కొంచెము వంకరగా నున్నను, పేరు స్పష్టముగా చదువవచ్చును.